మెరీనా పెరిగింది, ఆర్కే బీచ్ తరిగింది: సముద్రపు ఒడ్డు పార్కుల వెనకున్న ఇసుక కథ

ఈ ఎపిసోడ్‌లో కోటలూ యుద్ధాలూ కాకుండా ఒక పార్కు గురించి మాట్లాడుకుందాం. "పార్కుకి చరిత్రేంటి?" అని మీరు అనుకోవచ్చు. నేనూ చాలా కాలం అలాగే అనుకున్నాను.

మాది పల్నాడు జిల్లా నూజెండ్ల. మాకు సముద్రమంటే బాపట్ల దగ్గరున్న సూర్యలంకే. అది కూడా వంద కిలోమీటర్ల పైమాట. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు మా మాస్టార్లు విశాఖపట్నం టూర్ వేశారు. రాత్రంతా బస్సులో వెళ్ళి, తెల్లారేసరికి ఆర్కే బీచ్‌లో దిగాం. జలాంతర్గామి లోపలికి వంగి వంగి వెళ్ళడం, వుడా పార్కులో పిల్లలు స్కేటింగ్ చేస్తుంటే నోరు తెరుచుకుని చూడటం, ఇసుకలో కూర్చుని ముంత మసాలా తినడం, ఇవన్నీ బాగా గుర్తు. 2023 వేసవిలో మా పాపని తీసుకెళ్ళి, "ఇదిగో, ఇక్కడే కూర్చున్నాం మేము" అని చూపించబోయాను. చూపించడానికి అక్కడ ఇసుక లేదు. రాళ్ళున్నాయి, వాటిని కొడుతూ కెరటాలున్నాయి. "నాన్నా, నువ్వు సముద్రంలో కూర్చున్నావా?" అని అడిగింది పాప. దానికి జవాబు వెతుక్కుంటూ పోతే ఈ కథంతా బయటపడింది.

ముందు ఒక్క విషయం. సముద్రపు ఒడ్డుకి సరదాగా షికారు వెళ్ళడం మనకు పాత అలవాటు కాదు. కార్తీక పౌర్ణమికో, మాఘ పౌర్ణమికో సముద్ర స్నానానికి వెళ్ళేవాళ్ళు. మిగతా రోజుల్లో ఒడ్డు అంటే జాలర్ల పనిచోటు, వర్తకుల రేవు. ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉన్న మోటుపల్లి కాకతీయుల కాలంలో పెద్ద రేవు. 1244లో గణపతిదేవుడు అక్కడ అభయ శాసనం వేయించాడు. తుఫానుకి ఓడ పగిలి సరుకు ఒడ్డుకి కొట్టుకొస్తే, అంతకు ముందు రాజులు దాన్ని లాగేసుకునేవాళ్ళు. ఇకమీదట అలా చెయ్యం, సుంకం మాత్రమే తీసుకుంటాం అని ఆ శాసనంలో మాట ఇచ్చాడు. అంటే ఒడ్డు మీద ఎవరికి ఎంత హక్కు అనే ప్రశ్న మనకు కొత్తదేమీ కాదు.

ఇక షికారు సంగతి. మన ప్రాంతం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కదా. ఆ మద్రాసుకి 1881లో గ్రాంట్ డఫ్ గవర్నర్‌గా వచ్చాడు. 1884లో ఆయన హయాంలో ఒడ్డు వెంట నడకదారి వేయించి, ఇటలీలో సిసిలీ జ్ఞాపకంగా దానికి మెరీనా అని పేరు పెట్టాడు. 1909లో అక్కడే చేపల అక్వేరియం వచ్చింది. చదువుకోవడానికో, ఉద్యోగానికో మద్రాసు వెళ్ళిన తెలుగువాళ్ళు చాలామంది సాయంత్రం గాలికి తిరిగింది ఈ ఇసుకలోనే. 1930లో టంగుటూరి ప్రకాశం, కాశీనాథుని నాగేశ్వరరావు గార్లు మద్రాసులో ఉప్పు సత్యాగ్రహం నడిపినప్పుడు జనం పోగైంది కూడా సముద్రం ఒడ్డునే. టికెట్టూ గేటూ లేని చోటు కాబట్టే అక్కడ షికారూ సాగింది, ఉద్యమమూ సాగింది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మెరీనా ఈరోజు సగటున 300 మీటర్ల వెడల్పు ఉంటుంది. కానీ మొదట్లో అంత ఇసుక లేదు. కెరటాలు రోడ్డుకి చాలా దగ్గరగా వచ్చేవి. మరి ఇంత ఇసుక ఎక్కడిది? 1870ల్లో మద్రాసు హార్బర్ కోసం సముద్రంలోకి రాతి గోడలు కట్టడం మొదలుపెట్టారు. 1881 తుఫానుకి అవి దెబ్బతిన్నా, మళ్ళీ కట్టారు. మన తూర్పు తీరంలో కెరటాలు ఒడ్డుని ఏటవాలుగా తాకుతాయి. దాంతో ఇసుక కొంచెం కొంచెంగా ఒడ్డు వెంట నడుస్తూ ఉంటుంది. ఈశాన్య రుతుపవనాల నెలల్లో దక్షిణానికి తిరుగుతుంది గానీ, ఏడాది మొత్తం లెక్క చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ.

మా ఊళ్ళో రైతులకైతే ఇది ఒక్క మాటలో చెప్పొచ్చు. పైరైతు కాలవకి అడ్డం వేస్తే ఏమవుతుంది? వాడి చేలో నీళ్ళు నిలుస్తాయి, కింది చేలు ఎండిపోతాయి. ఇసుకకీ అంతే. హార్బర్ గోడ ఉత్తరానికి పోయే ఇసుకకి అడ్డం పడింది. దక్షిణాన ఉన్న మెరీనా ఏడాదికేడాది పెరిగింది. ఉత్తరాన ఉన్న రాయపురం ఒడ్డు కోసుకుపోయింది. మెరీనాలో గాలి పీల్చుకున్నవాళ్ళు ఒకరు, రాయపురంలో ఇళ్ళు పోగొట్టుకున్న మత్స్యకారులు ఇంకొకరు. మనకు ఇష్టమైన ఆ విశాలమైన ఇసుక తిన్నెలో ఉత్తరాది ఒడ్డుకి చేరాల్సిన వాటా కూడా ఉందన్నమాట.

ఇప్పుడు విశాఖపట్నం చూద్దాం. అక్కడ రేవు 1933లో మొదలైంది. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన, ఉప్పుటేరు లోపలికి కట్టారు. రేవు ముఖద్వారంలో ఇసుక మేట వెయ్యకుండా రెండు పాత ఓడల్ని కావాలనే ముంచి అడ్డుకట్టగా వాడారు. అంటే ఇసుకతో కుస్తీ మొదటి రోజు నుంచే ఉంది. 1938లో ఒడ్డున రామకృష్ణ మిషన్ ఆశ్రమం వచ్చింది. ఆర్కే బీచ్ అనే పేరు దాన్నుంచి వచ్చిందే. 1976లో పెద్ద ఓడల కోసం ఔటర్ హార్బర్ తెరిచారు. దాని గోడలు సముద్రంలోకి ఇంకా ముందుకి వెళ్ళాయి.

ఇక్కడ తేడా గమనించండి. మద్రాసులో పార్కు గోడకి దక్షిణాన ఉంది, అందుకే లాభపడింది. విశాఖలో పార్కు గోడకి ఉత్తరాన ఉంది. మెరీనాకి వరం ఇచ్చిన లెక్కే ఆర్కే బీచ్‌కి శాపమైంది. ఇది పోర్టు వాళ్ళకి తెలియని సంగతేమీ కాదు. అందుకే దక్షిణం వైపు ఆగిపోయిన ఇసుకని డ్రెడ్జర్లతో తోడి, ఉత్తరాన బీచ్‌కి పంపు చేసే ఏర్పాటు పెట్టుకున్నారు. అంటే ఆర్కే బీచ్ సగం దేవుడిచ్చిందైతే సగం మనిషి పోసింది. పొయ్యడం తగ్గితే ఒడ్డు తగ్గుతుంది.

ఇలాంటి ఒడ్డు మీదే మనం ఒక్కొక్కటీ పెట్టుకుంటూ వచ్చాం. 1970ల చివర్లో వుడా ఏర్పడింది. ఆ వుడానే బీచ్ రోడ్డు పక్కన పార్కు వేసింది, కైలాసగిరిని తీర్చిదిద్దింది. 1971 యుద్ధ విజయానికి గుర్తుగా 1996లో స్మారక స్తూపం వచ్చింది. తర్వాత ఐఎన్ఎస్ కుర్సురా. 1969లో అప్పటి సోవియట్ యూనియన్‌లోని రీగాలో మన నౌకాదళంలో చేరి, 2001లో రిటైరైన జలాంతర్గామి అది. 91 మీటర్ల పొడవున్న దాన్ని సముద్రంలోంచి ఇసుక మీదికి లాగి, కాంక్రీటు పునాది మీద నిలబెట్టి, 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు. 2017లో దానికి ఎదురుగా టీయూ 142 విమానాన్ని పెట్టారు. ఒక్కోటీ చూడదగ్గదే, నేను కాదనను. మా టూర్‌లో అందరికంటే ఎక్కువసేపు కుర్సురాలో ఉన్నది నేనే.

కానీ సముద్రం తన లెక్క తను చూసుకుంటోంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. గంటకు 180 కిలోమీటర్ల దాకా గాలి. కైలాసగిరి మీదా, వుడా పార్కులోనూ చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. అది ఒక్క రోజు దెబ్బ, మళ్ళీ మొక్కలు నాటి బాగుచేసుకున్నారు. కోత అలాంటిది కాదు, అది రోజూ జరిగే పని. 2022 దసరా రోజుల్లో బీచ్ రోడ్డులోని పిల్లల పార్కు దగ్గర నేల కుంగి, ప్రహరీ గోడ, బెంచీలు పడిపోయాయి. తుఫాను లేదు, ఏమీ లేదు. కింద ఇసుక జారిపోయింది, అంతే. మా పాప అడిగిన ప్రశ్నకి జవాబు అదే.

మరి దీన్ని ఆపడానికి చట్టం లేదా? ఉంది. 1991లో కేంద్రం తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ తెచ్చింది, మనం సీఆర్‌జెడ్ అంటాం కదా, అది. 2011లో, 2019లో దాన్ని మార్చారు. సముద్రానికీ కట్టడానికీ మధ్య దూరం ఉండాలన్నది దాని సారం. దూరం ఎందుకంటే ఒడ్డు కదులుతుంది కాబట్టి. కదిలే నేల మీద కదలని గోడ కడితే రెండిట్లో ఒకటి పోతుంది. గోడని కాపాడటానికి రాళ్ళు పోస్తే గోడ నిలుస్తుంది, ముందున్న ఇసుక పోతుంది. అప్పుడు ఎవరికి నష్టం? టికెట్ కొని లోపలికి వెళ్ళేవాడికి పెద్దగా ఏమీ కాదు. ఆదివారం పూట అన్నం క్యారేజీ తెచ్చుకుని ఇసుకలో కూర్చునే కుటుంబానికి చోటు పోతుంది. పడవ ఒడ్డుకి లాగాల్సిన జాలరిపేట వాళ్ళకి బతుకుతెరువే పోతుంది.

"విశాఖ గొడవ మనకెందుకులే, నూజెండ్లలో సముద్రమే లేదు కదా" అంటారా? అక్కడికే వస్తున్నాను. ఒడ్డున ఉన్న ఇసుకలో చాలా భాగం నదులు మోసుకెళ్ళిందే. మా వినుకొండ వైపు నుంచి పారే గుండ్లకమ్మ ఒంగోలుకి తూర్పున సముద్రంలో కలుస్తుంది. దాని మీద మల్లవరం దగ్గర రిజర్వాయర్ ఉంది. ఇక కృష్ణ సంగతి చెప్పనక్కర్లేదు. 1955లో నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు, 1967లో కాలవలకి నీళ్ళు వదిలారు. ఆ నీళ్ళే రాకపోతే మా పల్నాడు ఎలా ఉండేదో మా తాత తరాన్ని అడగండి. కానీ డ్యామ్ నీళ్ళతో పాటు ఇసుకనీ, ఒండ్రునీ ఆపుతుంది. డ్యాములు వచ్చాక కృష్ణ సముద్రానికి చేర్చే మట్టి బాగా తగ్గిపోయింది, డెల్టా అంచు చాలాచోట్ల కోతకి గురవుతోంది. ఇవి చాలవన్నట్టు మనం ఏట్లో ఇసుకని లారీలకెత్తుతున్నాం. అంటే సముద్రం చూడని ఊళ్ళో ఉన్న మనమూ ఈ కథలో పైరైతులమే.

సాగర్ కట్టొద్దని నేను అనడం లేదు, రేవులు వద్దనీ అనడం లేదు. లెక్క ముందే చూసుకోవాలి అంటున్నాను. రేపు సూర్యలంకలోనో ఇంకో ఒడ్డునో కొత్త పార్కు కడతామంటే, ఎన్ని ఊయలలు, ఎన్ని ఫౌంటెన్లు అని అడిగే ముందు మూడు ప్రశ్నలు అడుగుదాం. ఇక్కడికి ఇసుక ఎటునుంచి వస్తోంది? దానికి అడ్డంగా ఎవరేం కడుతున్నారు? టికెట్ లేకుండా కూర్చునే చోటు, పడవలు లాగే చోటు ఎంత మిగులుతుంది?

వచ్చేటప్పుడు మా పాప జేబులో గుప్పెడు ఇసుక తెచ్చుకుంది. ఇంట్లో గాజుసీసాలో పోసి పెట్టుకుంది. అది చూసినప్పుడల్లా నాకొకటే అనిపిస్తుంది. ఆ ఒడ్డున మనం పెట్టినవన్నీ పాడైతే మళ్ళీ పెట్టుకోవచ్చు. వాటి కింద ఉన్న ఇసుక మాత్రం మనం తయారుచేసింది కాదు.

మీ చిన్నప్పుడు మీరు చూసిన ఒడ్డు ఇప్పుడెలా ఉందో ఇంట్లో పెద్దవాళ్ళతో కూర్చుని ఒకసారి మాట్లాడండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. ఉంటానండీ.