ఫోరస్ రోడ్ బిగారీలు

చచ్చిన ఎలుకని తోక పట్టుకుని ఎత్తి తట్టలో పడెయ్యడం చూడ్డానికి చిన్న పని. కానీ అప్పుడే చచ్చిన ఎలుక ఒళ్లు చల్లబడుతున్నకొద్దీ దాని మీది గోమార్లు వెచ్చని ఒళ్లు వెతుక్కుంటూ దిగిపోతాయి. దగ్గర్లో దొరికే వెచ్చని ఒళ్లు, ఎత్తేవాడిదే. ప్లేగు ఇలా సోకుతుందన్న సంగతి ఫ్రెంచి వైద్యుడు పాల్ లూయీ సిమోన్ కరాచీలో కనిపెట్టింది 1898లో. బొంబాయిలో ప్లేగు బయటపడింది 1896 సెప్టెంబరులో. ఆ రెండేళ్లూ ఊరు శుభ్రం చేసినవాళ్లు, తమ చేతిలో ఉన్నదేమిటో తెలియకుండానే చేశారు.

బొంబాయి ఫోరస్ రోడ్డు పేరులోనే పల్లపు నేల కథ ఉంది. 'ఫోరో' అంటే పోర్చుగీసులో శిస్తు. సముద్రపు నీరెక్కి చవుడుబారిన నేలని బాగుచేసుకునేవాళ్లకి నామమాత్రపు శిస్తుకి ఇచ్చేవారు. అవే ఫోరస్ భూములు. హార్న్‌బీ కట్ట సముద్రాన్ని ఆపాక, 18వ శతాబ్దం చివర్లో నిజాం ఇలాకా నుంచి వచ్చిన కామాటీలు ఈ పక్కనే గుడిసెలు వేసుకున్నారు. మట్టి మోసి, రాయి కొట్టి, రోడ్లు వేసి, తాము ఉన్న పేటకి కామాటిపుర అని పేరు తెచ్చారు. బైకుల్లా వైపు పల్లాలు పూడ్చడానికి మట్టితోపాటు ఊళ్లో ఊడ్చిన చెత్త కూడా పోశారు. అంటే, జనం కాపురాలున్నది చెత్త మీదే.

ప్లేగు వచ్చాక మునిసిపాలిటీ ప్రణాళిక పకడ్బందీగానే వేసింది. మోరీల్లోకి కార్బాలిక్ నీళ్లు వదిలారు. గోడలకి సున్నం కొట్టారు. వెలుతురు పడాలని పెంకులు ఊడదీశారు. పనికిరాని ఇంటి మీద 'యు.హెచ్.హెచ్.' అని మూడక్షరాలు రాశారు, మనుషులు ఉండతగదని. ఇంటికి ఇంత వైద్యం! ఇంట్లోకి దూరి బురద ఎత్తేవాడి చేతులకీ కాళ్లకీ ఏం తొడగాలో, వాడెంతసేపు లోపలుండాలో మాత్రం ఎవరి ధ్యాసలోనూ లేదు.

ఆ పని చేసేవాళ్లు హలాల్‌ఖోర్లూ బిగారీలూ. మొదటివాళ్లు పాయిఖానాలు ఎత్తేవాళ్లు, రెండోవాళ్లు మోరీలూ చెత్తా చూసేవాళ్లు. బిగారీ అన్న మాట తెలంగాణవాళ్లకి కొత్త కాదు. వెట్టి చాకిరీకి పారశీకంలో బేగార్ అని పేరు. తెలంగాణ పల్లెల్లో బేగరి అనే మాట ఇంటిపేర్లలో కూడా నిలిచింది. బొంబాయి బిగారీకి జీతం ఉంది, పేరు మాత్రం జీతంలేని పనిదే.

అయితే వీళ్ల చేతిలో ఒక ఆయుధం ఉంది: మూట కట్టుకుని ఊరెళ్లిపోవడం. 1896 అక్టోబరు 6న, రోగుల్ని బలవంతంగానైనా ఆసుపత్రికి తరలిస్తామని ప్రకటన వెలువడింది. జనం బెదిరిపోయారు. 29న మిల్లు కూలీలు ఆర్థర్ రోడ్ ఆసుపత్రి మీద విరుచుకుపడ్డారు. మునిసిపల్ కమిషనర్ స్నో ఆ మర్నాడే పట్టు సడలించాడు. హలాల్‌ఖోర్లూ బిగారీలూ కూడా లేచిపోతే ఊరు రెండు రోజుల్లో కంపెక్కిపోతుందన్నది ఆయన అసలు దిగులు. ఆ చలికాలంలో లక్షలమంది బొంబాయి ఖాళీ చేశారు. పారిశుధ్య కూలీల క్షేమం పాలకుడికి గుర్తొచ్చింది వాళ్లు పోతారేమోనన్న భయంతోనే.

రాసిపెట్టిన రక్షణ ప్రణాళిక అనేది చాలా తర్వాతి మాట. ప్రమాదకర వ్యర్థాలు తొలగించేచోట ముందే లిఖిత ప్రణాళిక ఉండాలనీ, కూలీకి 40 గంటల శిక్షణా, వైద్య పరీక్షలూ ఉండాలనీ అమెరికాలో 1990లో నిబంధన అమల్లోకి వచ్చింది. మన దగ్గర భోపాల్ యూనియన్ కార్బైడ్ గోదాములోని 337 టన్నుల విషాన్ని 2025 జనవరి 1 రాత్రి 12 లారీల్లో పంపించేముందు, మూటలు కట్టినవాళ్లు ఒళ్లంతా కప్పే దుస్తులేసుకుని 30 నిమిషాలకొకసారి వంతులు మారారు. అరగంట! బొంబాయి మోరీలో దిగినవాడికి లెక్క పొద్దుకి పొద్దు.

మళ్లీ ఆనాటి బొంబాయికి వస్తే, 1897 జనవరిలో శాస్త్రవేత్త హాఫ్‌కిన్ తన ప్లేగు టీకాని ముందు తనకే పొడుచుకుని, తర్వాత బైకుల్లా జైలు ఖైదీల్లో ముందుకొచ్చినవాళ్లకి వేశాడు. ఆ జైలు కామాటిపురకి కూతవేటు. 1898లో పుట్టిన బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ తన తొలి స్కీముకి ఎంచుకున్నదీ పక్కనున్న నాగ్‌పాడానే. ప్లేగు ఇళ్లు కూల్చి, శిథిలాలు మోసి, కొత్త రోడ్డుకి మట్టి పరిచిన చేతులు మళ్లీ కూలీలవే.

ఫోరస్ రోడ్డుకి ఇప్పుడు ఆర్.ఎస్. నింకర్ మార్గ్ అని పేరుంది. అడ్రసు అడిగితే మాత్రం జనం నోట ఇంకా ఫోరస్ రోడ్డే.