సీసం అక్షరాల నుంచి 289 కేబీ ఫైల్ దాకా: బాసెల్ స్టూడెంట్స్ కథ

ముందు ఒక చిన్న పని చెయ్యండి. మీ ఫోన్‌లో ఏదో ఒక పోస్టర్ ఓపెన్ చెయ్యండి. సినిమా ఫస్ట్ లుక్ అయినా సరే, మీ కాలేజ్ ఫెస్ట్‌ది అయినా సరే. అక్షరాలు ఫొటో మీదకి ఎక్కేసి ఉంటాయి. ఒక లైను ఏటవాలుగా ఉంటుంది. వెనకాల ఇంకో బొమ్మ మసగ్గా కనిపిస్తుంటుంది. లేయర్ మీద లేయర్, దాని మీద ఇంకో లేయర్.

ఇదంతా కంప్యూటర్ వచ్చాక, ఫోటోషాప్ వచ్చాక మొదలైంది అనుకుంటాం కదా? కాదు. డిజైనర్ల చేతికి కంప్యూటర్ రావడానికి కనీసం పదేళ్ల ముందే మొదలైంది. అది కూడా ఒక డిజైన్ స్కూల్‌లో, పాఠం బోర్ కొట్టిన ఒక స్టూడెంట్ దగ్గర. ఆ స్టూడెంట్ పేరు వోల్ఫ్‌గాంగ్ వైన్‌గార్ట్.

కథలోకి వెళ్లే ముందు అప్పటి రూల్స్ ఏంటో తెలియాలి. 1950ల్లో స్విట్జర్లాండ్‌లో ఒక డిజైన్ పద్ధతి బాగా నిలదొక్కుకుంది. స్విస్ స్టైల్ అంటారు. పేజీని కనిపించని గడులుగా విడగొడతారు, దాన్ని గ్రిడ్ అంటాం. ప్రతి అక్షరం, ప్రతి ఫొటో ఆ గడుల్లోనే కూర్చోవాలి. అలంకారాలు వద్దు, అక్షరాలకి తోకలు వద్దు. హెల్వెటికా అని వింటుంటారు కదా, అది 1957లో బాసెల్ పక్కనే ఉన్న ఒక ఫౌండ్రీ నుంచి వచ్చింది, అప్పటికి వేరే పేరుతో. మీలో వెబ్ డెవలప్‌మెంట్ చేసేవాళ్లకి గ్రిడ్ గురించి నేను చెప్పక్కర్లేదు. మనం రోజూ రాసే సీఎస్ఎస్ గ్రిడ్‌కి తాతయ్య అన్నమాట.

ఇది ఎవరో పట్టుబట్టి పెట్టిన రూల్ అనుకోకండి. మూడు భాషలు ఒకే పోస్టర్‌లో పట్టాల్సిన దేశం అది. జర్మన్, ఫ్రెంచ్, ఇటాలియన్. పేజీ పద్ధతిగా లేకపోతే చదివేవాడికి తల తిరుగుతుంది. దానికితోడు ఇంకో కారణం ఉంది, నాకు చాలా ఇష్టమైన కారణం: మెటీరియల్.

అప్పట్లో అచ్చు అంటే సీసం. ఒక్కో అక్షరం ఒక్కో చిన్న సీసం దిమ్మ, నాలుగు పలకల దిమ్మ. కంపోజిటర్ వాటిని చేత్తో ఏరి, వరసగా పేర్చి, చుట్టూ గట్టిగా బిగిస్తాడు. మీకు కనిపించే ఖాళీ జాగా కూడా ఖాళీ కాదు, అక్కడ ఎత్తు తక్కువ ఉన్న సీసం ముక్కలు ఉంటాయి. స్పేస్‌బార్ కూడా బరువుండే కాలం అది! దిమ్మలన్నీ చతురస్రాలూ దీర్ఘచతురస్రాలూ కాబట్టి పేజీ తనంతట తానే నిలువు, అడ్డం గీతల్లో కూర్చుంటుంది. ఒక లైన్‌ని ఏటవాలుగా పెట్టాలంటే చాలా తిప్పలు పడాలి. అంటే గ్రిడ్ కొంత ఆలోచన, కొంత సీసం. (మన వత్తులు, గుడులు, దీర్ఘాలు ఈ దిమ్మల్లో ఇరికించిన మన ప్రెస్ వాళ్లకి దండం పెట్టాలి. ఆ టాపిక్ మీద విడిగా ఒక ఎపిసోడ్ చేద్దాం.)

ఇప్పుడు వైన్‌గార్ట్. 1941లో జర్మనీలో పుట్టాడు. స్టుట్‌గార్ట్‌లో రెండేళ్లు డిజైన్ చదివి, అక్కడే ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో మూడేళ్లు అప్రెంటిస్‌గా చేరాడు. పని ఏంటంటే చేత్తో అక్షరాలు పేర్చడం. ఒకరోజు సన్న టైపు ఉన్న అర చెయ్యి జారి కింద పడింది. చిన్న చిన్న సీసం అక్షరాలు నేలంతా చెల్లాచెదురు. ప్రెస్‌లో పని చేసినవాళ్లకి ఇది పీడకల, ఎందుకంటే ప్రతి అక్షరాన్నీ ఏరి మళ్లీ దాని గడిలో వెయ్యాలి.

వైన్‌గార్ట్ ఏం చేశాడంటే, వాటిని గడుల్లో వెయ్యకుండా గుండ్రంగా కట్ట కట్టాడు. చీపురు పుల్లల కట్ట లాగా. ఆ కట్టకి ఇంకు రాసి అచ్చు వేశాడు. తలకిందులు, అడ్డదిడ్డం, చదవడానికి ఒక్క మాట లేదు, కానీ కాగితం మీద ఒక గుండ్రటి మేఘం లాంటి బొమ్మ వచ్చింది. కట్టని తిప్పి అక్షరాల అడుగు వైపు కూడా అచ్చు వేశాడు. అక్షరం అంటే చదవడానికే కాదు, చూడడానికి కూడా అన్న సంగతి అతనికి అక్కడ పట్టుబడింది.

అదే ప్రెస్‌కి వచ్చే ఒక డిజైనర్ ఇతనికి స్విస్ డిజైన్ చూపించి, బాసెల్ వెళ్లి చదువుకో అన్నాడు. 1964లో బాసెల్ స్కూల్‌లో చేరాడు. అక్కడ టైపోగ్రఫీ చెప్పేది ఎమిల్ రూడర్, గ్రాఫిక్స్ చెప్పేది ఆర్మిన్ హోఫ్‌మన్. ఇద్దరూ అప్పట్లో ప్రపంచం మొత్తం తెలిసిన మాస్టార్లు. మనవాడికి క్లాస్ బోర్ కొట్టింది! మూడేళ్లు ప్రెస్‌లో అదే పని చేసి వచ్చాడు కదా. అందుకని స్కూల్ టైప్ షాప్‌లో సొంత ప్రయోగాలు పెట్టుకున్నాడు. సన్నటి గీతల పట్టీలని వంచాడు. ఎమ్ అనే ఒక్క ఇంగ్లీష్ అక్షరాన్ని తీసుకుని, దాన్ని ఒక డబ్బా ముఖాల మీద అతికించి, రకరకాల కోణాల నుంచి ఫొటోలు తీశాడు. ఒక్క అక్షరం మీద అంత పని.

నేనైతే ఇక్కడ రూడర్‌ని విలన్ చెయ్యను. సినిమాల్లో చూపించినట్టు చాదస్తపు మాస్టారు, తెలివైన కుర్రాడు అన్న లెక్క ఇక్కడ పని చెయ్యదు. వైన్‌గార్ట్ రూల్స్ విరగ్గొట్టగలిగాడంటే ప్రతి రూల్ అతని వేళ్లకి తెలుసు. పైగా అతన్ని స్కూల్ బయటికి పంపలేదు. 1968లో అడ్వాన్స్‌డ్ కోర్సు మొదలుపెట్టినప్పుడు టైపోగ్రఫీ చెప్పమని హోఫ్‌మన్ పిలిచింది ఇతన్నే. అప్పటికి 27 ఏళ్లు. రూల్స్ అంత గట్టిగా నమ్మే స్కూల్, ఆ రూల్స్‌ని ప్రశ్నించే కుర్రాడి చేతికి క్లాస్ ఇవ్వడం నాకు ఈ కథ మొత్తంలో పెద్ద విషయం. మన కాలేజీల్లో ఊహించుకోండి ఒకసారి.

క్లాస్‌లో ఏం చేసేవాళ్లు? ఒక మాటలో కొన్ని అక్షరాలు లావు, కొన్ని సన్నం. అక్షరాల మధ్య గ్యాప్ ఇష్టమొచ్చినంత. నల్ల పెట్టెలో తెల్ల అక్షరాలు. పేరాలు మెట్లు మెట్లుగా. 70ల్లో సీసం పోయి ఫిల్మ్ వచ్చింది. అక్షరాలు ఇప్పుడు పారదర్శకమైన ఫిల్మ్ మీద ఉంటాయి. వైన్‌గార్ట్ ఆ ఫిల్ములని ఒకదాని మీద ఒకటి పెట్టి, కత్తిరించి, జరిపి, ఫొటోల్లోని అచ్చు చుక్కలని పెద్దవి చేసి పోస్టర్లు తయారుచేశాడు. బాసెల్ కున్స్ట్‌క్రెడిట్ పోస్టర్లు వెతికి చూడండి, 1970ల చివరివి. ఫోటోషాప్ ఫైల్ చూస్తున్నట్టే ఉంటుంది. ఒక్క పిక్సెల్ కూడా లేదు అందులో. కత్తి, టేబుల్ కింద లైటు, ఓపిక, అంతే.

ఈ క్లాస్‌లో 1970లో ఒక అమెరికన్ అమ్మాయి చేరింది. ఏప్రిల్ గ్రైమన్. 1948లో పుట్టింది, కాన్సాస్ సిటీలో ఆర్ట్ చదివింది. బాసెల్‌లో ఉన్నది ఏడాది పాటే, కానీ వెనక్కి వెళ్లాక ఆ ధోరణిని అమెరికాకి తీసుకెళ్లిన వాళ్లలో ఆవిడ పేరు ముందుంటుంది. 1976లో లాస్ ఏంజెలెస్ వెళ్లింది. 1982లో కాల్‌ఆర్ట్స్ డిజైన్ విభాగానికి హెడ్ అయింది, అక్కడి వీడియో మెషిన్లతో ఆడుకుంది. 1984లో మ్యాకింటోష్ వచ్చింది.

ఆ మ్యాక్ లెక్కలు ఒకసారి చూద్దాం, లోపలి ఇంజినీర్ ఊరుకోవట్లేదు. స్క్రీన్ 512 బై 342 పిక్సెల్స్. రంగులు లేవు. బూడిద రంగు కూడా లేదు, పిక్సెల్ అంటే నలుపు లేదా తెలుపు. స్క్రీన్ మొత్తం కలిపితే 22 కేబీ కూడా ఉండదు. ర్యామ్ 128 కేబీ. మీరు వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగ్ ఫొటో దీనికి పట్టదు. చాలామంది పేరున్న డిజైనర్లు దీన్ని చూసి బొమ్మ అన్నారు, అక్షరాలకి మెట్లు మెట్లుగా అంచులేంటి అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. పది పిక్సెల్స్ ఎత్తులో మన ప, వ, ష రాసి చూడండి, ఏది ఏదో మీకే తెలీదు.

గ్రైమన్ ఆ మెట్లని దాచలేదు. బాసెల్‌లో అచ్చు చుక్కలని పెద్దవి చేసి చూపించిన వాళ్ల శిష్యురాలు కదా, పిక్సెల్ కూడా ఆవిడకి ఒక మెటీరియలే.

1986లో డిజైన్ క్వార్టర్లీ అనే పత్రిక వాళ్లు ఒక సంచిక మొత్తం ఆవిడ పని మీద చెయ్యమన్నారు. 133వ సంచిక. మామూలుగా 32 పేజీల పత్రిక. ఇంకెవరైనా అయితే పాత పోస్టర్లు వరసగా పెట్టి పంపించేవాళ్లు. ఆవిడ పేజీలే వద్దంది. మడతలు విప్పితే రెండడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవున్న ఒకే ఒక్క పోస్టర్ చేసింది. అందులో తన శరీరమే, నిలువెత్తున, నగ్నంగా, వీడియో కెమెరా నుంచి కంప్యూటర్‌లోకి తీసి పిక్సెల్స్‌గా మార్చినది. చుట్టూ సింబల్స్, తేదీలు, నోట్స్. మ్యాక్‌డ్రాలో తయారైంది. సాయంత్రం ప్రింట్ కొట్టి ఇంటికి వెళ్తే, తెల్లారి వచ్చేసరికి ప్రింటర్ అప్పుడే పూర్తిచేసి ఉండేదట. ఫైల్ సైజు 289,322 బైట్స్. 400 కేబీ ఫ్లాపీ ఒక్కదానిలో పట్టేస్తుంది.

ఆ పోస్టర్ పేరుకి అర్థం "దీనికి అర్థం ఉందా?" అని. అప్పటి డిజైనర్లు ఆవిడని అడుగుతున్నది కూడా అదే. ఇది డిజైనా, సొంత గొడవా? ఒక డిజైనర్ క్లయింట్ మెసేజ్ పక్కన పెట్టి తన ఒంటినే పేజీ మీద పెట్టొచ్చా? నా ఓటు గ్రైమన్‌కే. కానీ ఎదుటి పక్షం వాళ్లు తెలివితక్కువ వాళ్లేం కాదు. హాస్పిటల్ బోర్డు, రైల్వే టైమ్‌టేబుల్ ఇలా చేస్తే మనమే తిడతాం.

ఈ గొడవ పదేళ్లు నడిచింది. బర్క్‌లీలో రూడీ వాండర్‌లాన్స్, జుజానా లిచ్కో అనే జంట 1984లోనే ఎమిగ్రే అనే పత్రిక మొదలుపెట్టారు. లిచ్కో ఆ మ్యాక్ మీదే మెట్ల అక్షరాలతో ఫాంట్లు చేసి అమ్మింది. న్యూయార్క్ సబ్‌వే మ్యాప్ చేసిన మాసిమో విన్యెల్లి, గ్రిడ్ పక్షానికి పెద్ద దిక్కు, 90ల మొదట్లో ఎమిగ్రేని బహిరంగంగా దుమ్మెత్తిపోశాడు. చెత్త అన్నంత మాట అన్నాడు. 1996లో లిచ్కో ఫిలోసోఫియా అని ఒక ఫాంట్ చేసింది, పాత బొడోని అక్షరాల వరసలో. దాన్ని ప్రకటిస్తూ ఎమిగ్రే ఒక పోస్టర్ వేసింది. ఆ పోస్టర్ డిజైన్ చేసింది ఎవరనుకున్నారు? విన్యెల్లినే.

సరే, ఇవాళ్టికి ఇంతే. వైన్‌గార్ట్ గుండ్రటి అచ్చులు, గ్రైమన్ ఆరడుగుల పోస్టర్ రెండూ ఒకసారి వెతికి చూసి, మీ ఓటు ఎటో కామెంట్స్‌లో పెట్టండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.