కోకిల ముక్కు నొప్పి

బర్కత్‌పుర చమన్ దగ్గర ఆటో ఎక్కి చిక్కడపల్లి త్యాగరాయ గానసభకు వెళ్ళడం పెద్ద ప్రయాణమేమీ కాదు. కాన్పు అయిన తరువాత కొన్నేళ్ళపాటు ఆ కాస్త దూరమే నాకొక పరీక్ష. దారిలోని స్పీడు బ్రేకర్లన్నీ కంఠతా వచ్చు. ఒక్కొక్కటి దగ్గర పడుతున్నప్పుడు కమ్మీ పట్టుకుని ఒక పక్కకు ఒరిగి కొంచెం పైకి లేచేదాన్ని. సభలో చివరి వరుస వెనుక గోడకానుకుని నిలబడి కచేరీ వినేదాన్ని. "కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి కదమ్మా, కూర్చోండి" అని ఎవరైనా మర్యాద చేస్తే, "ఫరవాలేదండీ" అని నవ్వేసేదాన్ని. ఏమని చెప్పను? నొప్పి పుట్టే ఆ చోటు పేరు నలుగురిలో పలికేది కాదు.

మన పెద్దవాళ్ళు దానిని ముడ్డిపూస అన్నారు. పాఠ్యగ్రంథాలు అనుత్రికం అంటాయి. వెన్ను చిట్టచివర మూడు నుంచి ఐదు చిన్న పూసలు కలిసి ఏర్పడిన ఎముక అది. ప్రాచీన గ్రీకు వైద్యులకు అది కోకిల ముక్కులా వంగి కనిపించింది; వారి భాషలో కోకిల పేరైన 'కోకిక్స్' నుంచే నేటి ఆంగ్ల వైద్యపదం పుట్టింది. కూర్చున్నప్పుడు, ముఖ్యంగా వెనక్కి వాలినప్పుడు, పిరుదుల ఎముకలు రెండింటితో పాటు ఇదీ బరువు మోస్తుంది. కటితలపు కండరాలు దీనికి అతుక్కుని ఉంటాయి. ప్రసవంలో శిశువు తల దిగేటప్పుడు ఇది వెనక్కి వంగి దారినిస్తుంది. కొందరిలో ఆ వంగడం హద్దు మీరి కీలు జారుతుంది. అరుదుగా ఎముకే విరుగుతుంది.

ఈ నొప్పికి చరిత్ర ఉన్నదని నాకు ఆలస్యంగా తెలిసింది. 1844లో అమెరికాలోని జోసయా నాట్ అనే శస్త్రవైద్యుడు, ఈ నొప్పితో బాధపడుతున్న ఒక స్త్రీకి ఆ ఎముకను కోసి తీసివేసిన వృత్తాంతాన్ని ప్రకటించాడు. శస్త్రచికిత్సలో ఈథర్ మత్తును లోకానికి చూపింది 1846లో. అంటే ఆ ఇల్లాలు మత్తు లేకుండానే కత్తికి ఒప్పుకున్నదన్నమాట. ఆమె నొప్పి ఎంతటిదో ఇంతకన్న వేరే చెప్పనక్కరలేదు.

ఈ బాధకు శాస్త్రీయనామం పెట్టినవాడు ఎడిన్‌బరో ప్రసూతి వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్, 1859లో. 1847 నవంబరులో క్లోరోఫారమ్‌ను ప్రసవవేదనకు ఉపశమనంగా ప్రవేశపెట్టినవాడూ ఆయనే. స్త్రీ నొప్పితోనే కనాలన్నది దైవశాసనం కదా అని ఆక్షేపించినవారికి ఆయన బైబిలు నుంచే సమాధానాలు తీసి చెప్పాడు. ప్రసవ సమయపు నొప్పినీ, ప్రసవానంతరం మిగిలిపోయే ఈ నొప్పినీ ఒకే మనిషి పట్టించుకున్నాడన్నది నాకు చాలా ఆసక్తికరంగా తోచింది.

ఈ రెండింటిలో మొదటిదానికి మన ఊరితో గాఢమైన సంబంధం ఉంది. ఎడిన్‌బరోలో చదివిన ఎడ్వర్డ్ లారీ హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా ఉన్న కాలంలో, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ధనసహాయంతో 1888లో ఒకటి, 1889లో మరొకటి క్లోరోఫారమ్ కమీషన్లు ఇక్కడ జరిగాయి. రెండవదానికి లాన్సెట్ పత్రిక పక్షాన లాడర్ బ్రంటన్ లండను నుంచి వచ్చాడు. వందలాది జంతువులపై ప్రయోగాలు చేసి, క్లోరోఫారమ్ వల్ల ముందు ఆగేది శ్వాసే గాని గుండె కాదని తేల్చారు. ఆ నిర్ణయం పొరపాటని 1911లో లెవీ అనే శాస్త్రజ్ఞుడు నిరూపించాడు. అది వేరే కథ. ఆ రోజులలోనే లారీ శిష్యురాలు రూపాబాయి ఫర్దూన్‌జీ క్లోరోఫారమ్ ఇవ్వడంలో నిపుణురాలై, ప్రపంచంలోని తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరిగా పేరు పొందింది. ఇదంతా మా బర్కత్‌పురకు ఎంతో దూరంలో లేని అఫ్జల్‌గంజ్‌లో జరిగిన ముచ్చట.

సింప్సన్ మందుకు రెండు కమీషన్లు వేసిన నగరంలో, ఆయన పేరు పెట్టిన నొప్పితో నేను వెళ్తే విన్నమాట "బాలింత నడుమమ్మా, అదే పోతుంది" అని. చెప్పినవారిది దురుద్దేశం కాదు. చాలామందికి కొద్ది నెలల్లో అది నిజంగానే పోతుంది. పోనివారి సంగతే ఎవరూ చెప్పరు.

మన సంప్రదాయం బాలింతను నిర్లక్ష్యం చేసిందనలేము. చరకుడు ప్రసవానంతరం స్నేహపానం, అభ్యంగనం, కడుపుకు వస్త్రం చుట్టడం విధించాడు. నువ్వులనూనె మర్దన, వేడినీళ్ళు, నడికట్టు మా అమ్మమ్మ తరం వరకూ తప్పనిసరి. కాని ఆ పరిచర్య అంతా కొన్ని వారాలది. పురుడు వెళ్ళిపోతుంది, పథ్యం తీరిపోతుంది, మనిషి వంటింట్లోకి వస్తుంది. ఏడాది తరువాత కూడా నొప్పి ఉన్నదంటే దానికి ఆచారంలోనూ చోటు లేదు.

ఇక నరం సంగతి. కటితలానికీ, మర్మావయవాలకూ స్పర్శనిచ్చే నరానికి పుడెండల్ అని పేరు. లాటిన్‌లో దాని మూలార్థం 'సిగ్గుపడవలసినది'. పేరులోనే సిగ్గును మోస్తున్న నరం అది! ఐర్లండు శరీరశాస్త్రజ్ఞుడు ఆల్కాక్ అది సాగే సన్నని మార్గాన్ని 1836లో వర్ణించాడు. ఆ మార్గంలో నరం నలిగితే నొప్పి వస్తుందని ఫ్రెంచి వైద్యులు 1987లో గుర్తించినది సైకిలు తొక్కేవారిలో. ఈ నొప్పిని గుర్తుపట్టే లక్షణాలను నాంట్ నగర నిపుణులు 2008లో ప్రచురించారు: కూర్చుంటే ఎక్కువవుతుంది, రాత్రి నిద్ర లేపదు, స్పర్శ పోదు, నరానికి మత్తు ఇస్తే తగ్గుతుంది. సైకిలు పందెగాడి నొప్పి ముందు కనబడి, తల్లి నొప్పి వెనుకబడిపోవడంలో ఆశ్చర్యమేముంది?

ఎముక విషయంలో పెద్ద మలుపు తిప్పినవాడు పారిస్ వైద్యుడు జాన్ ఈవ్ మేన్. 1990లలో ఆయన రోగిని నిలబెట్టి ఒక ఎక్స్‌రే, నొప్పి వచ్చేలా కూర్చోబెట్టి మరొకటి తీసి రెండింటినీ పోల్చాడు. పడుకోబెట్టి తీసినప్పుడు సవ్యంగా కనిపించే ఎముక కూర్చోగానే జారడం అప్పుడు కంటికి కనిపించింది. 2012లో ప్రసవానంతరం ఈ నొప్పి వచ్చిన 57 మంది స్త్రీల వివరాలు ఆయన బృందం ప్రకటించింది. వారిలో సగానికి పైగా ఫోర్‌సెప్స్ వంటి పరికరాల సాయంతో ప్రసవించినవారే. నాదీ అటువంటి కాన్పే. "ఎక్స్‌రేలో ఏమీ లేదు" అన్న మాట విని, నా బాధ మనసులో పుట్టినదేమోనని రెండేళ్ళు నన్ను నేను అనుమానించుకున్నాను. నన్ను కూర్చోబెట్టి ఎవరూ ఎక్స్‌రే తీయలేదని ఆనాడు నాకు తెలియదు.

చికిత్సలోనూ క్రమం ఉంది. వెనుకవైపు చీలిక ఉన్న దిండు వాడి, ముందుకు వంగి కూర్చుంటే ఎముకపై భారం తగ్గుతుంది. అరగంటకొకసారి లేవాలి. మలబద్ధకం రానీయకూడదు. కటితలపు కండరాలు బిగుసుకుని ఉంటే వాటిని బిగించే వ్యాయామం కాదు, వదులు చేసే శిక్షణ కావాలి. ఆ కండరాలకు మర్దనను 1937లోనే థీల్ అనే అమెరికా వైద్యుడు వర్ణించాడు. వాటితో తగ్గనివారికి సూదిమందులు, త్రికం ముందున్న నరాల ముడికి మత్తు ఉన్నాయి. ఎముకను తీసివేయడం చిట్టచివరి మాట. కాళ్ళ మధ్య తిమ్మిరి, మూత్రం ఆగకపోవడం లేక రాకపోవడం, జ్వరం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళాలి.

నా నొప్పి పూర్తిగా పోలేదు. తగ్గింది, దానితో బ్రతకడం అలవడింది. ఇప్పుడు గానసభకు చీలిక దిండు పట్టుకునే వెళ్తాను, చివరి వరుసలో కూర్చుంటాను. ఎవరైనా అదేమిటని అడిగితే, ఎముక పేరు చెబుతాను. ఒకసారి అలా చెప్పినప్పుడు, పక్కనున్న పెద్దావిడ గొంతు తగ్గించి, "నాకూ పెద్దవాడు పుట్టినప్పటినుంచీ ఉంది తల్లీ" అన్నది. ఆవిడ పెద్దకొడుకు అప్పటికి ఉద్యోగ విరమణ చేసి ఉన్నాడు.

అందుకని చదువరులకు ఒక్కటే మనవి. బాలింతను చూడటానికి వెళ్ళినప్పుడు బిడ్డ ఎవరి పోలికో తరువాత చూడవచ్చు. ముందు ఆమెను, "బాగా కూర్చోగలుగుతున్నావా అమ్మా?" అని అడగండి.