ఉన్నిజిడ్డు చరిత్రము

గొఱ్ఱెవలన మానవునకు లభించు వస్తువులెవ్వి యని మేము బడిలో నడిగినపుడెల్ల బాలురు పాలు, మాంసము, ఉన్ని, తోలు, ఎరువు అని చెప్పెడివారు. ఆఱవదాని నెవ్వరును చెప్పలేదు. మాకును నాడు తెలియదు గాన మేమును చెప్పలేదు. ఉన్నిని కడిగినపుడు మురికినీటితో పాఱిపోవు జిడ్డే యా యాఱవది. మందుల యంగళ్లలో లానొలిన్ అను పేర నమ్ముడుపోవు లేపనద్రవ్యము ఇదియే. మందల పెంపకమును, కంబళముల నేతయు కులవృత్తులుగా గల మన సోదరులకు దీని చరిత్రము తెలియుట యుక్తమని తలచి యీ వ్యాసమును సమర్పించుచున్నాము.

గొఱ్ఱె చర్మమందలి సూక్ష్మగ్రంథులనుండి యీ జిడ్డు స్రవించి, ఉన్నిపోగులకు పట్టి, వాననుండి వానిని కాపాడును. చూపునకు కొవ్వువలె నుండినను నిజమునకిది తేనెమైనమువలె మైనపుజాతిది. సంస్కృత వైద్యగ్రంథములు స్నేహద్రవ్యములను ఘృతము, తైలము, వస, మజ్జ యని నాలుగుగా విభజించినవి. ఆ నాలుగింటిలో దేనియందును నిది చక్కగా నిముడదు.

లానొలిన్ జర్మనుల కల్పన యని పలువురు తలంతురు. అది సగము సత్యము. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున గ్రీకు వైద్యుడు డయాస్కొరిడీసు దీనిని చేయు విధానమును వివరించినాడు. కడుగని ఉన్నిని వేడినీట పిండి, ఆ నీటిని వెడల్పు పాత్రలో నురుగు వచ్చువఱకు చిలికి, సముద్రజలము చిలుకరించి, పైకి తేలిన జిడ్డును వేఱొక కుండలోనికి తీయవలయును. నురుగు రాకపోవువఱకు మరల మరల నట్లే చేయవలయును. మేలైన సరకును గుర్తించుటకు ఒక పరీక్షయు నాతడు చెప్పెను: చన్నీటితో రుద్దినచో నది తెల్లబడవలయును. రోమకవి ఓవిడ్ మాత్రము ఏథెన్సునుండి వచ్చిన యీ లేపనము దుర్గంధమని పరిహసించెను.

ఆ దుర్గంధమే దీనికి శత్రువు. పిమ్మట పెక్కు శతాబ్దములు గడచినవి. 1882లో ఆటో బ్రౌన్, ఆస్కార్ లీబ్రైక్ అను జర్మనులు దీనిని శుద్ధిచేయు విధానమునకు పేటెంటు పొందిరి. లాటిను భాషలో లానా యనగా ఉన్ని, ఓలియం అనగా నూనె. ఆ రెండును కలిసి లానొలిన్ అయ్యెను. తన బరువునకు సుమారు రెండింతల నీటిని తనలో నిముడ్చుకొనుట దీని విశేషగుణము. గ్రీకువైద్యుని పరీక్షలో తెల్లబడుటకును నీటిని గ్రహించు నీ గుణమే కారణమని మా యభిప్రాయము. కావుననే యిది పొడిచర్మమునకు, పగిలిన పెదవులకు, బిరుసెక్కిన వెండ్రుకలకు మృదుత్వము నొసగును. అయినను కొందఱి చర్మమునకిది సరిపడదు గాన ముందుగా కొంచెము పూసి చూచుకొనుట మేలు.

1911లో హాంబర్గు నగరమున వెలువడిన నివియా లేపనమునకు ఆధారము ఐజాక్ లిఫ్‌షూట్జ్ ఉన్నిజిడ్డునుండి తీసిన యూసెరిట్ అను ద్రవ్యమే. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డు నగరమున ఉన్ని కడిగిన మురికినీరు పెద్ద బాధయై యుండగా, పురపాలకులు దానినుండియే జిడ్డును తీసి విక్రయించిరి. ఇందలి కొలెస్టరాలునుండి నేడు డి విటమినును సైతము తయారుచేయుచున్నారు.

ఇక మన మాట. మన దక్కనీ గొఱ్ఱెల ఉన్ని ముతకది. మెరినో ఉన్నివలె జిడ్డుగలది కాదు. కావున మన మందలనుండి లానొలిన్ రాశులుగా వచ్చునని చెప్పుట పొగడ్తయే యగును. మా హెచ్చరిక వేఱు. గొంగడి గిరాకి తగ్గి, ఉన్నికి ధర లేక, కత్తిరించిన యున్నిని పాఱవేయు దినములు వచ్చినవి. ఉన్నిలేని జాతులను తెచ్చి మందలు నింపుచున్నాము. ఒకరు మురికియని పాఱబోసినదాని నింకొకరు పరీక్షించి ధనము చేసికొనిరి. ఆ పరీక్షచేయు చదువు మన బిడ్డలకును కావలయును. అట్టి విద్యార్థులకు చేయూతనిచ్చుట పోషకుల ధర్మమని మనవిచేయుచున్నాము.