యమన్ కాఫీ తోటలు: క్షీణత, పునరుద్ధరణ

కాఫీ మొక్క పుట్టినది ఇథియోపియా అడవులలో. దానిని తోటపంటగా సాగుచేసి లోకానికి అందించినది యమన్ దేశం. క్రీ.శ. 15వ శతాబ్దంలో యమన్ సూఫీలు రాత్రివేళ జిక్ర్ సమావేశాలలో నిద్ర రాకుండా ఈ పానీయాన్ని సేవించేవారని, మరుసటి శతాబ్దంలో అబ్దుల్ ఖాదిర్ అల్ జజీరీ రచించిన గ్రంథంవల్ల తెలుస్తున్నది. హిజ్రీ 917 (క్రీ.శ. 1511)లో ఖాయిర్ బేగ్ అనే అధికారి మక్కాలో దీనిని నిషేధించాడు. ధర్మవేత్తల నడుమ వాదోపవాదాలు సాగినవి. నిషేధం మాత్రం నిలువలేదు.

గిరాకీ పెరిగినకొద్దీ యమన్ పశ్చిమ పర్వతాలపై తోటలు విస్తరించాయి. సనా నగరానికి పడమరనున్న హరాజ్ కొండలు ఇందుకు చక్కని నిదర్శనం. నిటారైన కొండవాలుకు రాతిగోడలు కట్టి, మెట్లుమెట్లుగా మడులు తీర్చారు. వానకు మట్టి కొట్టుకుపోకుండా ఆపేదీ, పారే నీటిని నిలిపి నేలలో ఇంకించేదీ ఆ గోడయే. కోసిన పండ్లను ఇంటికప్పులపై ఎండబెట్టి, గింజలను అమ్మేవారు. అవి మోఖా వంటి రేవులనుండి ఓడలకెక్కేవి. మిగిలిన పొట్టును కాచి 'కిష్ర్' అనే పానీయంగా రైతులు త్రాగేవారు.

ఈ గుత్తాధిపత్యం చిరకాలం నిలువలేదు. 17వ శతాబ్దంలో బాబా బుడన్ ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటారని ప్రతీతి. ఆ శతాబ్దం చివర డచ్చివారు జావాలో సాగు ప్రారంభించారు. 18వ శతాబ్దంలో వెస్టిండీస్‌లో బానిసల శ్రమతో పండిన చవక కాఫీ ఉస్మానియా సామ్రాజ్యపు బజారులకే చేరింది.

రెండవ దెబ్బ ఇంటిలోనే తగిలింది. 20వ శతాబ్దపు ఉత్తరార్ధంలో, ఆకు నమిలితే మత్తునిచ్చే ఖాత్ మొక్క కాఫీ మడులను ఆక్రమించింది. కాఫీ ఏడాదికొక పంట. ఖాత్ ఆకును ఏడాదిలో పలుమార్లు కోసి అమ్ముకోవచ్చు. కనుక రైతును నిందించి ప్రయోజనం లేదు. అయితే వ్యవసాయానికి వాడే నీటిలో పెద్దభాగాన్ని ఖాత్ త్రాగివేయడంతో భూగర్భజలాలు అడుగంటసాగాయి.

హరాజ్‌లోని అల్ హుతైబ్‌లో, క్రీ.శ. 1199లో మరణించిన దాయీ హాతిం సమాధి ఉన్నది. అది దావూదీ బోహ్రాల యాత్రాస్థలం. వారి ధర్మగురువు సయ్యద్నా ముహమ్మద్ బుర్హానుద్దీన్ (మరణం 2014) ప్రోత్సాహంతో అచ్చటి రైతులు ఖాత్‌ను పెరికివేసి మళ్ళీ కాఫీ నాటారు. 2015నుండి ముదిరిన యుద్ధం ఇటువంటి కృషికి పెద్ద ఆటంకమైనది.

నాటిన కాఫీ మొక్క కాపునకు రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. అంతవరకు ఆ ఇంటికి జీవనాధారం ఉండాలి, కూలిన గోడ మళ్ళీ లేవాలి, నీరు మిగలాలి. ఈ మూడూ సమకూరిన చోటనే పూర్వీకుల తోట తిరిగి పచ్చబడుతుంది.