ఒక బడి, ఒక పంతులు: మన ప్రాంతపు ఉపాధ్యాయుల లెక్క

ఒక బడి, ఒక పంతులు, అయిదు తరగతులు. మక్తల్ ప్రాంతంలో 1960లలో ఉద్యోగంలో చేరిన మిత్రులందరికీ ఈ లెక్క కంఠతా వచ్చు. ఇది ఎక్కడి నుండి వచ్చిందో, ఎందాక వచ్చిందో నాకు తెలిసిన మేరకు మనవి చేస్తాను.

నిజాం కాలంలో ప్రాథమిక పాఠశాలను తహ్తానియా అనేవారు. పై చదువులన్నీ ఉర్దూలోనే. ఊరివారు తమ ఖర్చుతో ఒక అయ్యవారిని పెట్టుకొని తెలుగు చెప్పించుకుందామన్నా, 1920లలో వచ్చిన ఖాన్గీ పాఠశాలల నిబంధనల వల్ల ముందుగా సర్కారు అనుమతి కావలసి వచ్చేది. 1930లో జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిన సురవరం ప్రతాపరెడ్డి గారు మన పాలమూరు వారే. మాతృభాషలో చదువు కావాలన్నది ఆ ఉద్యమపు ముఖ్యమైన కోరిక. 1951 జనాభా లెక్కల నాటికి కూడా హైదరాబాద్ రాష్ట్రంలో అక్షరాస్యులు నూటికి పదిమంది లేరు. చదివినవారే లేనిచోట చదువు చెప్పేవారు ఎక్కడ దొరుకుతారు?

దేశం మొత్తం మీద ప్రాథమిక ఉపాధ్యాయులు 1950-51లో 5.38 లక్షలు, 1970-71లో 10.6 లక్షలు. ఇరవై ఏళ్లలో ఇంచుమించు రెట్టింపు. మన వైపు ఈ పెరుగుదల సమితుల ద్వారా వచ్చింది. 1959 అక్టోబరులో నెహ్రూ గారు అప్పటి మన జిల్లాలోని షాద్‌నగర్‌లో పంచాయతీ సమితిని ప్రారంభించారు. ప్రాథమిక బడులు సమితుల కిందికి వచ్చాయి. ఊరికో బడి అన్నారు, బడికి ఒకరిని ఇచ్చారు.

నేనూ అలా చేరినవాణ్ణే. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దించేలోగా అయిదో తరగతి వాళ్లు లెక్క ముగించి గోల మొదలుపెట్టేవారు. జీతం కోసం సమితి ఆఫీసుకు పోతే ఆ రోజు బడికి తాళమే. కొన్నాళ్లకు నా భార్య పిల్లల్ని మా అరుగు మీద కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పించడం మొదలుపెట్టింది. ఉపాధ్యాయుల సంఖ్య చెప్పే ఏ పట్టికలోనూ ఆమె లేదు. అటువంటి ఇల్లాళ్లు మన సంఘ సభ్యుల ఇళ్లలో ఇంకెందరో!

1983లో పదవీ విరమణ వయసు 58 నుండి 55కు తగ్గించినప్పుడు అనుభవజ్ఞులు ఒక్కసారిగా ఇంటిదారి పట్టారు. తర్వాత మళ్లీ 58 చేశారు. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ వచ్చి ఏకోపాధ్యాయ పాఠశాలలకు రెండో టీచరును ఇవ్వాలన్నది. మా బడికి రెండో మనిషి వచ్చిన రోజు నాకు నిజంగా ఊపిరి ఆడింది. 1990-91కి దేశంలో మనవాళ్లు 16 లక్షలు దాటారు.

అయినా 1991లో పాలమూరు జిల్లా అక్షరాస్యత 30 శాతానికి లోపే. 2011లో 55 శాతమైనా, అప్పటి 23 జిల్లాల్లో చివరి స్థానం మనదే. పంతులు లేకనే అని ఎవరైనా అంటే నేను సగమే ఒప్పుకుంటాను. పండుగలు దాటితే బొంబాయి, పూనా పనులకు పోయే తల్లిదండ్రుల వెంట పిల్లలూ పోయేవారు. హాజరు పడిపోతే పోస్టుకే ఎసరు. వలస తిరిగి వచ్చేసరికి పిల్లలుంటారు, టీచరుండడు.

2010 ఏప్రిల్ నుండి అమలైన విద్యాహక్కు చట్టం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి కూడా ఇద్దరుండాలంటుంది. కాని 2024-25లో దేశంలో ఏకోపాధ్యాయ బడులు ఇంకా లక్షకు పైనే. మన రాష్ట్రంలో 2024 డీఎస్సీ ప్రకటనలో సెకండరీ గ్రేడ్ పోస్టులు 6,508. అందులో మా మనవరాలికి ఒకటి దక్కింది. 2004 సెప్టెంబరు తర్వాత చేరినవారి సంగతి మీకు తెలియనిది కాదు, మన వంటి పెన్షను ఆమెకు రాదు. చేరిన రోజు ఫోను చేసి, "తాతా, మా బడిలో ఇద్దరం" అంది సంతోషంగా.

"ఒకరు సెలవు పెడితే?" అన్నాను.

"అప్పుడు నీ లెక్కే తాతా" అంది.