వృద్ధుల మానసిక అత్యవసర పరిస్థితులు

మానసిక వ్యాధి ఉన్న పెద్ద వయసువారిని ఉన్నట్టుండి ఆసుపత్రి క్యాజువాలిటీకి తీసుకురావాల్సిన స్థితులివి. డెలీరియం (సన్నిపాతం), ఆత్మహత్యాయత్నం, కుంగుబాటుతో తిండీ నీళ్లూ మానేయడం, డిమెన్షియాలో ఉద్రేకం, మందులు వికటించడం వీటిలో ముఖ్యమైనవి. పాత మానసిక వ్యాధి తిరగబెట్టిందనుకుని కొత్త శారీరక జబ్బును వదిలేయడం ఇక్కడ ఎదురయ్యే ప్రధాన ప్రమాదం.

సన్నిపాతం

గంటల్లోనో రోజుల్లోనో మొదలవుతుంది. పగలు కాస్త తేటగా ఉన్న మనిషి సాయంత్రానికి తికమక పడవచ్చు. మూత్రనాళ ఇన్ఫెక్షన్, న్యుమోనియా, ఒంట్లో నీరు లేదా సోడియం తగ్గడం, షుగరు పడిపోవడం, మూత్రం బిగిసిపోవడం, తలకు దెబ్బ సాధారణ కారణాలు. కేకలు వేసే రోగి అందరి కంటా పడతాడు. మగతగా పడి ఉండే రోగిని మాత్రం కుంగుబాటనో నిద్రనో పొరబడతారు.

దీన్ని పసిగట్టడానికి 4ఏటీ అనే చిన్న పరీక్ష ఉంది. రోగి ఎంత మెలకువగా ఉన్నదీ చూస్తారు. వయసు, పుట్టిన తేదీ, ఉన్న చోటు, నడుస్తున్న సంవత్సరం అడుగుతారు. డిసెంబరు నుంచి నెలలను వెనక్కి చెప్పమంటారు. రోగి తీరులో ఈ మార్పు కొత్తగా వచ్చిందేనా అని ఇంటివారిని విచారిస్తారు. స్కోరు 4 లేదా అంతకు మించితే సన్నిపాతాన్ని అనుమానించాలి.

మందులు

లిథియం వాడేవారికి బీపీ కోసం థయజైడ్ మాత్రో, కీళ్ల నొప్పులకు ఐబుప్రొఫెనో తోడైతే రక్తంలో లిథియం పెరగవచ్చు. చేతులు బాగా వణకడం, మాట ముద్దగా రావడం, నడక తూలడం దాని లక్షణాలు. సెర్ట్రాలిన్ వంటి కుంగుబాటు మందులు వృద్ధుల్లో సోడియాన్ని తగ్గించగలవు. డిమెన్షియా ఉన్న వృద్ధులకు యాంటీసైకోటిక్ మందులు ఇస్తే మరణాల ముప్పు పెరుగుతుందని అమెరికా ఎఫ్‌డీఏ 2005లో హెచ్చరించింది.

చట్టం, సహాయం

భారత మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) సెక్షన్ 94 ప్రకారం ప్రాణాపాయం వంటి అత్యవసర స్థితిలో రిజిస్టర్డ్ వైద్యులెవరైనా చికిత్స చేయవచ్చు. రోగి నామినేటెడ్ ప్రతినిధి అందుబాటులో ఉంటే ఆయన సమ్మతి తీసుకోవాలి. ఈ అత్యవసర చికిత్సకు సాధారణంగా గరిష్ఠ గడువు 72 గంటలు. ఈ సెక్షన్ కింద విద్యుత్ షాక్ చికిత్స కుదరదు.

తెలుగు రాష్ట్రాల్లో అంబులెన్సుకు 108, మానసిక సలహాకు టెలీ మానస్ 14416, వృద్ధుల సహాయానికి 14567 నంబర్లు ఉన్నాయి. ఆసుపత్రికి వచ్చేటప్పుడు మందుల చీటీలతో పాటు ఇంట్లో వాడుతున్న మాత్రలన్నీ తేవాలి.